కుర్రాళ్ల చేతికి పానా ఇద్దాం



పాత కార్ల ప్రదర్శనకు వెళ్లినవారికి ఒక సంగతి ఇట్టే కంటపడుతుంది. కార్లు తళతళలాడుతూ వరసగా నిలబడి ఉంటాయి. చుట్టూ తాడు కట్టి ఉంటుంది. తాకవద్దన్న బోర్డు ఉంటుంది. పక్కన కుర్చీలో కూర్చున్న యజమానికి చాలాచోట్ల అరవై దాటి ఉంటాయి. నలుగురు యజమానులు కలిస్తే వచ్చే మాట కూడా ఒకటే: "మా తరవాత వీటిని చూసుకునేదెవరు? ఈ కాలం పిల్లలకు ఫోను తప్ప ఇంకో యంత్రం మీద ధ్యాస లేదు."

ఆ బెంగ నిజమైనదే. పిల్లల మీద వేసే నింద మాత్రం సరైనది కాదని నా గట్టి నమ్మకం. పాత కారును విప్పి, మార్చి, పరుగెత్తించే సరదాను లోకానికి నేర్పిందే కుర్రాళ్లు. అదీ జేబులో చిల్లిగవ్వ లేని కుర్రాళ్లు. వాళ్లకు ఆనాడు అందినవి ఈనాటి పిల్లలకు అందుతున్నాయా లేదా అని చూడాలి. ఈ ప్రసంగంలో ఆ సంగతే మీతో పంచుకుంటాను.

పాత కార్ల అభిమానుల్లో రెండు దారుల వాళ్లున్నారు. ఒకరు కారును తయారైన నాటి రూపంలోనే కాపాడతారు. ఆ రంగు, ఆ సీటు గుడ్డ, ఆ మేకు కూడా అలాగే ఉండాలంటారు. అది క్లాసిక్ కార్ల దారి. ఇంకొకరు పాత కారు బరువు తగ్గించి, ఇంజన్ శక్తి పెంచి, తమకు నచ్చినట్టు తిరగకట్టుకుంటారు. అది హాట్ రాడ్ల దారి. ఇందులో మొదటిదానికి ఓర్పు కావాలి, రెండోదానికి ఊహ కావాలి. రెండింటికీ చేతి పని రావాలి.

హాట్ రాడ్ పుట్టిల్లు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా. హెన్రీ ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 దాకా మోడల్ టి కారును కోటిన్నరకు పైగా తయారు చేసింది. అన్ని కార్లు రోడ్డెక్కితే కొన్నేళ్లకు అన్నీ పాతబడక తప్పదు. 1930ల నాటికి అవి తుక్కు దుకాణాల్లో కారుచవకగా దొరికేవి. అది ఆర్థిక మాంద్యం రోజులు. ఉద్యోగాలు లేవు. కొత్త కారు కొనడం కుర్రాళ్లకు కల్లో మాట. అందుకని ఆ పాత బండ్లనే తెచ్చుకున్నారు. మడ్‌గార్డులు ఊడదీశారు. బానెట్ తీసేశారు. ముందు అద్దం తీసేశారు. వేగానికి పనికిరానిదల్లా తీసి పక్కన పెట్టారు. ఒకటికి రెండు కార్బొరేటర్లు బిగించారు. సిలిండర్ హెడ్‌ను లేత్ షాపులో అరగదీయించి ఇంజన్ లోపలి ఒత్తిడి పెంచారు. బరువు తగ్గింది, శక్తి పెరిగింది. ఎక్కడా పుస్తకం లేదు, కోర్సు లేదు. ఒకడు చేసింది చూసి ఇంకొకడు చేశాడు.

బండి తయారైతే సరిపోతుందా? పరుగెత్తించడానికి చోటుండాలి. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మొహావీ ఎడారిలో ఎండిపోయిన చెరువులున్నాయి. మైళ్ల కొద్దీ బల్లపరుపు నేల, చెట్టూ లేదు, గుట్టా లేదు. వాటిలో మ్యూరాక్ అనేది పేరుపడ్డది. వారాంతంలో కుర్రాళ్లు రాత్రంతా ప్రయాణం చేసి అక్కడికి చేరేవారు. తాము కట్టిన బండిలో గంటకు వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు దాటాలని వాళ్ల ఆరాటం. మొదట్లో గుంపులు గుంపులుగా ఒకేసారి పరుగెత్తించేవారు. ముందు బండి రేపిన దుమ్ములో వెనక బండి వాడికి దారి కనపడేది కాదు. ప్రమాదాలు జరిగాయి. అప్పుడు ఆ కుర్రాళ్ల క్లబ్బులే ఒకచోట చేరి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నాయి. బండ్లను తరగతులుగా విడదీసి, వేగం కొలిచే పద్ధతి, భద్రతా నియమాలు పెట్టుకున్నారు. ఆ తరవాత మ్యూరాక్ సైన్యం చేతిలోకి వెళ్లిపోయినా, దగ్గర్లోని ఎల్ మిరాజ్ చెరువులో ఆ సంఘం ఈనాటికీ పోటీలు నడుపుతోంది. 1949 నుంచి యూటా రాష్ట్రంలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలోనూ నడుపుతోంది. తమ సరదాకు తామే హద్దులు గీసుకున్న యువకులు వాళ్లు. ఆ సంగతి మనం మరచిపోకూడదు.

మళ్లీ కొంచెం వెనక్కి, 1932కు వెళదాం. ఆ ఏడాది ఫోర్డ్ కంపెనీ వి-8 ఇంజన్‌తో కారు విడుదల చేసింది. అప్పటిదాకా ఎనిమిది సిలిండర్ల ఇంజన్ అంటే ఎక్కువగా ఖరీదైన కార్లలోనే ఉండేది. ఫోర్డ్ ఆ ఇంజన్ దిమ్మను ఒకే ముక్కగా పోత పోయించి ఖర్చు తగ్గించాడు. 65 హార్స్‌పవర్ శక్తి సామాన్యుడికి అందింది. కొన్నేళ్లు గడిచి ఆ కార్లు పాతబడ్డాక కుర్రాళ్ల పంట పండింది. ఇప్పటికీ హాట్ రాడ్ అనగానే అభిమానుల కళ్ల ముందు నిలిచేది 1932 ఫోర్డే. దాన్ని ముద్దుగా డ్యూస్ అంటారు. 1973లో జార్జ్ లూకస్ తీసిన అమెరికన్ గ్రాఫిటీ సినిమాలో పరుగులు తీసే పసుపుపచ్చ కారు అదే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. సైన్యంలో విమానాలకు, ట్యాంకులకు మరమ్మతులు చేసి చేయి తిరిగిన యువకులు ఇళ్లకు చేరారు. యుద్ధంలో మిగిలిన సామాను చవకగా అమ్మకానికి వచ్చింది. యుద్ధ విమానాలు తమతో మోసుకెళ్లి, ఖాళీ అయ్యాక జారవిడిచే పెట్రోలు ట్యాంకులు ఉండేవి. కన్నీటి బొట్టు ఆకారం, గాలిని సులువుగా చీల్చుకుపోతాయి. బిల్ బర్క్ అనే యువకుడికి వాటిని చూడగానే కారు బాడీ కనపడింది. 1946లో అలాంటి ట్యాంకును తెచ్చి, చక్రాలూ ఇంజనూ అమర్చి ఎండు చెరువులో పరుగెత్తించాడు. ఇప్పటికీ బోన్‌విల్‌లో ఆ తరహా బండ్లకు ఒక ప్రత్యేక తరగతి ఉంది. తుక్కులో ప్రయోజనాన్ని చూడగల కన్ను ఎంత విలువైనదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయితే మరో పక్క కష్టం కూడా వచ్చిపడింది. చెరువుల దాకా వెళ్లలేని కుర్రాళ్లు ఊరి వీధుల్లోనే పందేలు వేశారు. ప్రాణాలు పోయాయి. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. హాట్ రాడ్ నడిపేవాడంటే రౌడీ అన్న ముద్ర పడింది. ఆ ముద్ర చెరపడానికి 1948 జనవరిలో హాట్ రాడ్ అభిమానులు లాస్ ఏంజెలెస్‌లో ఒక ప్రదర్శన పెట్టి, మేము చేసే పని ఇదీ అని జనానికి చూపించారు. ఆ సమయంలోనే రాబర్ట్ పీటర్సన్ అనే 21 ఏళ్ల యువకుడు తన మిత్రుడితో కలిసి హాట్ రాడ్ అనే పత్రిక మొదలుపెట్టాడు. వెల 25 సెంట్లు. ఆ పత్రికకు సంపాదకుడుగా వచ్చిన వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. పందేలు వీధిలో వద్దు, దానికోసం కట్టిన బాటలో పెట్టుకుందాం అన్నది వాళ్ల మాట. 1953లో పొమోనా పట్టణంలో ఆ సంఘం మొదటి అధికారిక పోటీ జరిగింది. దానికి అక్కడి పోలీసులే అండగా నిలిచారు. కుర్రాళ్లను తరిమి తరిమి విసిగిన పోలీసులు, వాళ్లకు ఒక చోటు చూపిస్తే వీధులు నెమ్మదిస్తాయని గ్రహించారు. ఎంత తెలివైన పని!

ఇంతసేపూ చెప్పుకున్న కథలోంచి మూడు విషయాలు ఏరి పెట్టుకుందాం. ఆ కుర్రాళ్లకు చవకగా బండి దొరికింది. దాన్ని నడపడానికి ఒక చోటు దొరికింది. పక్కన నిలబడి పని చూపించే ఒక మనిషి దొరికాడు. బండి, చోటు, మనిషి. ఈ మూడూ ఉన్నచోట ఆసక్తి దానంతట అదే పుట్టింది.

మరి ఇప్పుడు ఆ మూడూ ఏమయ్యాయి?

బండి ఖరీదైపోయింది. ఒకప్పుడు తుక్కులో దొరికిన 1932 ఫోర్డ్ బాడీ నేడు ఎంత అరుదైందంటే, అచ్చం దానిలాంటి ఉక్కు బాడీలను కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారు. పూర్తయిన హాట్ రాడ్ ధర వేలకు వేల డాలర్లు. పదిహేడేళ్ల కుర్రాడికి అది అందేది కాదు. చోటు కూడా తగ్గింది. ఊళ్లు పెరిగి, పాత పందెపు బాటలు చాలా ఇళ్ల స్థలాలయ్యాయి. ఇక మనిషి సంగతి. అమెరికా హైస్కూళ్లలో ఒకప్పుడు కారు మరమ్మతు నేర్పే క్లాసు ఉండేది. నిధులు తగ్గి, అందరూ కాలేజీ చదువువైపే మొగ్గి, చాలా బళ్లలో ఆ షెడ్లు మూతపడ్డాయి. కార్లూ మారిపోయాయి. బానెట్ ఎత్తితే పైన ప్లాస్టిక్ మూత, కింద కంప్యూటరు. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకుల లెక్క ప్రకారం 1983లో పదహారేళ్ల అమెరికన్లలో దాదాపు 46 శాతం మందికి డ్రైవింగ్ లైసెన్సు ఉండేది. 2014కు వచ్చేసరికి అది పావువంతుకు పడిపోయింది. దారులన్నీ మూసుకుపోతే, పిల్లలు రావడం లేదని అనుకోవడంలో న్యాయం ఉందా?

పెద్దలు గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. 1947లో ఒక కుర్రాడు 1932 ఫోర్డ్‌ను విప్పుతున్నాడంటే, అతని చేతిలో ఉన్నది పదిహేనేళ్ల పాత కారు. అప్పటికది పురావస్తువు కాదు, మామూలు సెకండ్ హ్యాండ్ బండి. ఆ లెక్కన ఈ రోజు కుర్రాడు తన ఈడు జపాన్ కారునో, పాత హోండా సివిక్‌నో ముందేసుకుని కూర్చుంటే అతనూ అదే పని చేస్తున్నాడు. 2017లో కాలిఫోర్నియాలో ర్యాడ్‌వుడ్ అనే ప్రదర్శన మొదలైంది. 1980, 90 దశకాల కార్లకే అందులో చోటు. నాటి బట్టలు వేసుకుని, నాటి పాటలు పెట్టుకుని యువతీ యువకులు వచ్చారు. ఆ తరవాత అది ఎన్నో నగరాలకు పాకింది. ఎవరి బాల్యంలో ఏ కారు వీధిలో తిరిగిందో వాళ్లకు అదే ముద్దు. మా కాలపు కారునే నువ్వూ ప్రేమించాలని పట్టుబడితే కుర్రాడు దూరమవుతాడు. నీకు నచ్చిన కారు చూపించు, నేనూ చూస్తానంటే దగ్గరవుతాడు. అలా దగ్గరైనవాడే రేపు మీ 1932 ఫోర్డ్ కథ కూడా వింటాడు.

అసలు పాత కారు ఎందుకు? కొత్తవి ఉండగా దానితో పిల్లలకు పనేమిటి? ఈ ప్రశ్నకు నా జవాబు ఒకటే: పాత ఇంజన్ తన పని దాచుకోదు. పెట్రోలు ఎక్కడినుంచి వస్తోందో కనపడుతుంది. గాలి ఎక్కడ కలుస్తోందో కనపడుతుంది. నిప్పురవ్వ ఎక్కడ పుడుతోందో కనపడుతుంది. స్పార్క్ ప్లగ్గును విప్పి చూడండి. కొన గోధుమరంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా వెలసిపోయి ఉంటే గాలి ఎక్కువై ఇంజన్ వేడెక్కుతోంది. చూపుతో, వాసనతో, చప్పుడుతో జబ్బు కనిపెట్టే విద్య అది. బళ్లో ఉష్ణగతిక శాస్త్రం సూత్రాలు బట్టీ పట్టిన విద్యార్థి ఒక్కసారి కార్బొరేటర్ విప్పి కడిగి బిగిస్తే, పరీక్ష అయిపోయినా మరచిపోలేని పాఠం నేర్చుకుంటాడు. తప్పు ఎక్కడుందో ఓపిగ్గా వెతకడం, ఊడదీసిన వరసలోనే తిరిగి బిగించడం, నట్టును మోతాదుకు మించి బిగించకపోవడం, ఇవన్నీ బతుకంతా అక్కరకొచ్చే అలవాట్లు.

ఇక తలుపులు తెరుస్తున్నవారి సంగతి చెబుతాను. ఇవి మనకు దారి చూపే ప్రయత్నాలు.

అమెరికాలో కొన్ని ప్రదర్శనల్లో ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను న్యాయనిర్ణేతలుగా కూర్చోబెడుతున్నారు. హాగర్టీ అనే పాత కార్ల బీమా సంస్థ ఈ ఏర్పాటును నడిపిస్తోంది. పిల్లలు చేతిలో మార్కుల కాగితంతో కారు దగ్గరికి వెళతారు. యజమానిని ప్రశ్నలడుగుతారు. తలుపు తీసి లోపల కూర్చుంటారు. చివరకు తమకు నచ్చిన కారుకు బహుమతి ఇస్తారు. తాడు అవతల నిలబడి చూసిన పిల్లవాడికీ, మార్కులు వేసిన పిల్లవాడికీ ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి. అదే సంస్థ కుర్రకారుకు క్లచ్చూ గేర్లూ ఉన్న పాత కార్లు నడపడం కూడా నేర్పిస్తూ వచ్చింది. అమెరికాలో ఇప్పుడు అమ్ముడయ్యే కొత్త కార్లలో చేత్తో గేరు మార్చేవి నూటికి రెండు కూడా లేవు. ఆ నేర్పు దక్కితేనే పాత కారు నడిచేది.

హైస్కూలు విద్యార్థుల కోసం హాట్ రాడర్స్ ఆఫ్ టుమారో అనే పోటీ ఉంది. జట్టుగా వచ్చి షెవ్రలే వి-8 ఇంజన్‌ను గడియారం పెట్టి విప్పి, మళ్లీ బిగించాలి. ఒక బోల్టు పొరపాటుగా బిగించినా అదనపు సమయం శిక్షగా కలుపుతారు. గెలిచిన వాళ్లకు సాంకేతిక విద్యకు ఉపకార వేతనాలున్నాయి. క్రికెట్ జట్టులో ఉన్నంత ఉత్సాహం, ఉపాధ్యాయుడి శిక్షణ, చివర్లో చదువుకు సాయం, మూడూ ఒకేచోట ఉన్నాయి.

కాన్సాస్ రాష్ట్రంలో మెక్‌ఫర్సన్ అని ఒక చిన్న కాలేజీ ఉంది. 1976లో ఒక దాత తన పాత కార్లను ఇవ్వడంతో అక్కడ పునరుద్ధరణ విద్య మొదలైంది. నేడు పాత కార్ల పునరుద్ధరణలో నాలుగేళ్ల డిగ్రీ ఇస్తున్నారు. రేకును సాగదీసి వంపు తేవడం, పాత పద్ధతిలో రంగు వేయడం, సీట్లు కుట్టడం, ఇంజన్ కట్టడం, వీటితోపాటు చరిత్రా వ్యాపారమూ నేర్పుతారు. టీవీ ప్రముఖుడు, పాత కార్ల సేకర్త జే లెనో అక్కడి విద్యార్థులకు ఉపకార వేతనాలిచ్చారు. ఆ విద్యార్థులు ఏళ్ల తరబడి శ్రమించి 1953 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ కారును తిరిగి నిలబెట్టారు. పాత కార్ల లోకంలో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ ప్రదర్శనను మించినది లేదంటారు. 2023లో ఆ కారు అక్కడికి వెళ్లి, కోట్లకు పడగెత్తిన సేకర్తల కార్ల పక్కన నిలబడి తన తరగతిలో రెండో స్థానం గెలుచుకుంది. ఇరవై ఏళ్ల చేతులకు పని అప్పగిస్తే ఏమవుతుందో అందరూ చూశారు.

ఇంగ్లండు సంగతి ఇంకా ముచ్చటైనది. లండన్ ఇంపీరియల్ కాలేజీలోని సిటీ అండ్ గిల్డ్స్ విద్యార్థుల సంఘానికి 1902లో తయారైన ఒక కారుంది. పేరు బోయనర్జిస్, ముద్దుపేరు బో. దాని ఆలనాపాలనా విద్యార్థులదే. ఏటా నవంబరులో జరిగే లండన్ నుంచి బ్రైటన్ పరుగులో దాన్ని నడిపిస్తుంటారు. ఆ పరుగులో 1905కు ముందు తయారైన బండ్లకే ప్రవేశం. చదువు ముగిసిన వాళ్లు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. సీనియర్ జూనియర్‌కు నేర్పుతాడు. తమకంటే శతాబ్దం పెద్దదైన యంత్రాన్ని విద్యార్థులకు అప్పగించే ధైర్యం ఆ సంస్థ చేసింది, విద్యార్థులు ఆ నమ్మకం నిలబెట్టారు.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక మాట. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో ఎందరో తెలుగు ఇంజనీర్లు పనిచేస్తున్నారు. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లూ హాట్ రాడ్లూ బారులు తీరే డ్రీమ్ క్రూజ్ 1995 నుంచి జరుగుతోంది. డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో మోడల్ టి కారెక్కి తిరగవచ్చు. అదే మిషిగన్ రాష్ట్రంలో ఉన్న గిల్‌మోర్ కార్ మ్యూజియంలో మోడల్ టి నడపడం నేర్పుతారు. దాని నడక వేరు. కింద మూడు పెడళ్లుంటాయి గాని మనమనుకునే పనులు చేయవు. ఎడమది గేర్లకు, మధ్యది వెనక్కు వెళ్లడానికి, కుడిది బ్రేకు. పెట్రోలు పెంచే మీట స్టీరింగ్ దగ్గర చేతికి ఉంటుంది. అదే మ్యూజియంలో హైస్కూలు పిల్లలు బడి అయ్యాక అనుభవజ్ఞుల పక్కన నిలబడి పాత కార్లు బాగుచేసే కార్యక్రమం కూడా నడిచింది. మీ పిల్లలను కోడింగ్ క్లాసుకు పంపినంత శ్రద్ధగా అలాంటి చోటికి కూడా తీసుకువెళ్లండి.

మన నేలకు వద్దాం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో దాన్ని తయారు చేయమని పురమాయించారు. లోపల సింహాసనం లాంటి ఆసనం ఉంటుంది. కారు చేరేలోపే ఆయన కన్నుమూశారు. రాజుల కారు చూసి పిల్లలు నోరు తెరుస్తారు. మంచిదే. అయితే అదే నగరంలో, జూ పార్కుకు దగ్గర్లో, సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె. సుధాకర్ గారు తన చేతులతో తయారు చేసిన వింత వింత బండ్లు అందులో ఉన్నాయి. క్రికెట్ బ్యాటు ఆకారంలో, బూటు ఆకారంలో, పెన్ను ఆకారంలో. అవి నడిచే బండ్లు. 2005లో ఆయన కట్టిన మూడు చక్రాల భారీ సైకిలు గిన్నిస్ రికార్డుకెక్కింది. కాలిఫోర్నియా పేరు ఎత్తకుండానే హాట్ రాడ్ స్ఫూర్తి మన పాతబస్తీ పక్కనే ఉంది. పిల్లలకు మొదట చౌమహల్లా చూపించండి. ఆ వెంటనే సుధా మ్యూజియం చూపించండి. మొదటిది చూసి ఆశ్చర్యపోతారు, రెండోది చూసి నేనూ చేయగలననుకుంటారు.

మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఈ తపన లేదనలేము. 2007లో మొదలైన బాజా ఎస్ఏఈ ఇండియా పోటీల కోసం దేశమంతటా కాలేజీ జట్లు తామే గొట్టాలు వంచి, వెల్డింగు చేసి, మట్టి దారుల్లో నడిచే బండ్లు కడుతున్నాయి. అందులో తెలుగు విద్యార్థులూ ఉన్నారు. రాత్రింబవళ్లు వర్క్‌షాపులో గడిపిన ఆ పిల్లలకు చదువయ్యాక ఆ పని కొనసాగించే దారి కనపడాలి. పాత వాహనాల పునరుద్ధరణ అలాంటి ఒక దారి.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోవాలి. కంపెనీ ఇచ్చిన మూల నమూనాకు విరుద్ధంగా వాహనాన్ని మార్చి రోడ్డు మీద నడపడం మన దేశంలో కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. అందువల్ల అమెరికా తరహా హాట్ రాడ్‌ను ఇక్కడి వీధుల్లో తిప్పలేం. క్లాసిక్ దారి మాత్రం తెరిచే ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన కార్లూ, ద్విచక్ర వాహనాలూ ఇందులోకి వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. నంబరు ప్లేటు మీద రాష్ట్రం గుర్తు తరవాత వి, ఎ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తరవాత తిరిగి చేయించుకోవడానికి 5,000. ర్యాలీలకూ ప్రదర్శనలకూ, మరమ్మతుకూ పెట్రోలుకూ నడపవచ్చు, రోజువారీ వాడకానికి వీల్లేదు. 1970ల మొదట్లో కొన్న అంబాసిడరూ, ఫియట్టూ ఇప్పుడు ఈ గౌరవానికి అర్హత సంపాదించుకున్నాయి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మరికొన్నేళ్లలో ఆ వరసలో చేరుతుంది.

కారు కొనే స్తోమత లేదంటారా? రెండు చక్రాలతో మొదలుపెట్టండి. మైసూరులో తయారైన జావా, యెజ్డీ, మద్రాసు బుల్లెట్, బజాజ్ చేతక్, మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ స్కూటరు, ఇలాంటివి ఎన్నో ఇళ్ల పెరళ్లలో గోనెపట్టా కింద తుప్పు పడుతున్నాయి. తూకానికి అమ్మేసే ముందు ఒక్కసారి ఇంట్లో పిల్లలను పిలిచి అడగండి. రెండు స్ట్రోకుల స్కూటరు ఇంజన్‌లో కదిలే భాగాలు తక్కువ. మొదటి పాఠానికి అంతకంటే మంచి పుస్తకం లేదు.

గురువులు కూడా మన ఊళ్లలోనే ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ పట్టణం బస్టాండు వెనక షెడ్డులోనో అంబాసిడర్ ఇంజన్ దించి ఎక్కించిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ప్లాటినం పాయింట్ల మధ్య సందు కంటిచూపుతో చెప్పగలరు. టింకరింగు చేసేవాళ్లు సుత్తి దెబ్బ చప్పుడుతోనే రేకు మందం పోల్చుకుంటారు. వాళ్ల విద్యకు పుస్తకాలు లేవు. వాళ్లతోపాటే ఆ విద్య పోతుంది. పాలిటెక్నిక్‌లూ, ఐటీఐలూ అలాంటి మేస్త్రీలను గౌరవంగా పిలిచి, తగిన పారితోషికమిచ్చి, వారానికొక పూట పిల్లల ముందు పని చేయించాలి. అది దానం చేసినట్టు కాదు, విలువైనది కొనుక్కున్నట్టు.

జాగ్రత్తల మాట దాటవేయను. పాత కార్లలో సీటు బెల్టులుండవు, బ్రేకులు నేటి కార్లంత గట్టివి కావు, పొగ ఎక్కువ. అందుకే పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు లేకుండా రోడ్డు మీద స్టీరింగ్ పట్టనివ్వద్దు. పని నేర్వడానికి ఆ అడ్డంకి లేదు, పదేళ్ల పిల్ల కూడా పెద్దల పక్కన నిలబడి ప్లగ్గు విప్పవచ్చు. వీధి పందేలను ఎక్కడా సమర్థించవద్దు. పొగ గురించి అడిగే పిల్లలను విసుక్కోవద్దు. పాత బాడీలో విద్యుత్ మోటారు అమర్చాలనుకునే కుర్రాడు కూడా ఆనాడు విమానం ట్యాంకుకు చక్రాలు బిగించిన బిల్ బర్క్ వారసుడే. చట్టం ఒప్పుకునే చోట, కాలేజీ ఆవరణలో, పోటీ మైదానంలో అతని ప్రయోగం సాగనివ్వండి.

ఆడపిల్లలను మరవద్దు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే మహిళ తన భర్త కనిపెట్టిన కారును మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం నడిపించింది. లోకంలో కారు మీద జరిగిన మొదటి దూర ప్రయాణం అది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. ఇంధనం మందుల దుకాణంలో కొనుక్కుంది. ఆమెతోపాటు బండెక్కింది ఎవరో తెలుసా? ఆమె కొడుకులు ఇద్దరు, పదిహేనేళ్లవాడు ఒకడు, పదమూడేళ్లవాడు ఒకడు. ఎత్తు వచ్చినచోట వాళ్లే దిగి తోశారు. కారు చరిత్ర మొదటి పుటలోనే ఒక స్త్రీ ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. షెడ్డు మగవాళ్ల చోటు అనే మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

పాత వాహనాల యజమానులకు నా విన్నపం ఇది. ప్రదర్శనలో కనీసం ఒక కారునైనా పిల్లలు ఎక్కి కూర్చోవడానికి వదలండి. ఏడాదికొక విద్యార్థిని ఎంచుకుని, మీ బండి పనుల్లో తోడు చేసుకోండి. క్లబ్బులు విద్యార్థులకు సభ్యత్వ రుసుము తీసేయాలి, లేదా నామమాత్రం చేయాలి. తల్లిదండ్రులారా, చేతికి గ్రీజు అంటిన పిల్లవాణ్ణి చదువు చెడిందని తిట్టకండి. అతను చదువుతున్నది కూడా ఇంజనీరింగే. ఉపాధ్యాయులారా, ఒక పాత స్కూటరు ఇంజన్ తెచ్చి బల్ల మీద పెట్టండి, ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

పాత కారును మ్యూజియం కాపాడగలదు. కానీ దాన్ని నడిపే నేర్పు, బాగుచేసే నేర్పు అద్దాల బీరువాలో నిలవవు. అవి ఒక చేతి నుంచి మరో చేతికి దాటాల్సిందే. తీసుకోవడానికి యువత సిద్ధంగానే ఉంది. ఇవ్వడం మన వంతు. ఆ పని వాయిదా వేయకుండా ఈ వారమే మొదలుపెట్టమని మిమ్మల్నందరినీ కోరుతున్నాను.